ఈశాన్యంలో బావి

నేను ఫ్రాన్సు ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా అక్కడొక నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో నన్ను కళ్ళకు గంతలు కట్టి వదిలిపెట్టండి, తిన్నగా రొట్టెల కొట్టుకి వెళ్ళి, వంతెన దాటి, చాకిరేవు చూసుకుని, మధ్యాహ్నం పన్నెండు కొట్టేలోగా వెనక్కి వచ్చేస్తాను. పన్నెండు దాటితే ఆ ఊళ్ళో మంచినీళ్ళు అడిగినా తలుపు తీసే నాథుడుండడు, రెండింటిదాకా అందరూ భోజనాల దగ్గరే. ఇదంతా నాకెలా తెలుసంటే, ఖతర్‌లో కూర్చుని ఆ ఊరిని గీసింది నేనే.

ఊరి పేరు చెప్పను. దాపరికం కాదు, నోరు తిరగదు. సగం పేరు ముక్కుతో పలకాలి. నెల రోజులు ప్రయత్నించి, జలుబు చేసినప్పుడు ఒకే ఒక్కసారి సరిగ్గా పలికాను. జలుబుతోపాటు అదీ పోయింది.

తొంభైల మధ్యలో నేను ఖతర్‌లోని మెసయీద్ అనే ఊళ్ళో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఫ్యాక్టరీలో ఏ పైపు ఎటు నుంచి ఎటు పోవాలో ఇంజనీర్లు చెబితే, దాన్ని కొలతలతో సహా గీసి ఇచ్చే ఉద్యోగం. కంప్యూటర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. నేను మాత్రం బోర్డూ, ట్రేసింగ్ పేపరూ, ఇంకు పెన్నూ మనిషిని. గీత తప్పితే కాగితం చిరగకుండా బ్లేడుతో గీకి చెరపాలి. మెసయీద్‌కి ఒక పక్క సముద్రం, మిగతా అన్ని పక్కలా ఇసుక, మధ్యలో మా పైపులు. తాగే నీళ్ళు కూడా సముద్రాన్ని మరగబెట్టి తీసినవే. గోదావరి గట్టున పుట్టినవాడికి ఇంతకు మించిన అవమానం ఉంటుందా చెప్పండి.

నాకు అప్పట్లో ఒకటే ధ్యాస. మా కంపెనీ లెక్కలో మనుషులు రెండు రకాలు: బ్యాచిలర్ స్టేటస్, ఫ్యామిలీ స్టేటస్. పెళ్ళయి పిల్లలున్నా సరే, క్యాంపులో ఇద్దరికో గది ఇచ్చారంటే మనం బ్యాచిలర్లమే. నేను రాజమండ్రిలో బయల్దేరినప్పుడు మా ఆవిడకి నాలుగో నెల. పాప పుట్టి ఏడాదిన్నర దాటింది, నేనింకా కళ్ళారా చూడలేదు. రెండేళ్ళకి రావాల్సిన సెలవు ఫ్యాక్టరీ షట్‌డౌన్ పుణ్యమా అని వాయిదా పడింది. డిపార్టుమెంటు పెద్ద సిఫారసు చేసి సంతకం పెడితే ఫ్యామిలీ స్టేటస్ వస్తుంది, క్వార్టరు వస్తుంది, వాళ్ళిద్దరికీ వీసా వస్తుంది. నా ఫారం ఆయన బల్ల మీద, ఒక నున్నటి గులకరాయి కింద, నాలుగు నెలలుగా కదలకుండా ఉంది.

ఆ పెద్ద ఒక ఫ్రెంచాయన. మేం చాటున దొరగారు అనేవాళ్ళం. పొడుగ్గా ఉండేవారు, ఎప్పుడూ చెవి మీద ఒక ఎర్ర పెన్సిలు. మా గీతల్లో తప్పు కనపడితే చాలు, దాని చుట్టూ ఎర్ర సున్నా చుట్టేవారు. ఫారం సంగతి కదిపితే, "అడిగినవాళ్ళు పదిమంది, ఖాళీ క్వార్టర్లు రెండు. అడిగారు కదా అని సంతకం పెట్టను," అనేసేవారు. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువువే గనక అక్కడితో మాట తెగేది.

మా రూమ్మేటు జగిత్యాల వైపు మనిషి, సైట్‌లో స్కాఫోల్డింగ్ కట్టించే ఫోర్‌మన్. నాకన్నా చిన్నవాడు. ఖతర్, ఖతర్ అని ఎన్ని ఉత్తరాలు రాసినా వాళ్ళింటి నుంచి వచ్చే జవాబులో మాత్రం "దుబాయిల మంచిగున్నవా" అనే ఉండేది. చివరికి విసిగిపోయి తనూ దుబాయ్ అనే రాయడం మొదలుపెట్టాడు. నేను రాబోయే క్వార్టరుకి ఏ రంగు కర్టెన్లు కొనాలా అని ఆలోచిస్తుంటే అతనికి నవ్వాగేది కాదు.

"ఆలు లేదు, సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమట! ముందుగాల గా కాయిదం మీద సంతకం చేయించుకో అన్నా."

"ఆలూ ఉంది, కూతురూ ఉందయ్యా. లేనిదల్లా సంతకమే," అనేవాణ్ణి.

గురువారం మాకు ఒంటిపూట డ్యూటీ. ఒక గురువారం అందరూ దోహాలో నజ్మా బజారుకి వెళ్ళే బస్సు కోసం పరిగెడుతుంటే, దొరగారు నన్ను ఆపి తలుపు వేశారు. ఫారమే అనుకుని నా గుండె ఎగిరింది.

"నాకొక డ్రాయింగ్ కావాలి. కంపెనీది కాదు," అన్నారు.

సంగతేమిటంటే, ఆయన భార్యకి మూడు నెలల్లో అరవై నిండుతాయి. ఇద్దరిదీ ఒకే ఊరు. ఆయనది కొండ మీది వీధి, ఆవిడది నది ఒడ్డు వీధి. ఊరికి కొత్త వంతెన కట్టినప్పుడు ఆవిడ పుట్టి పెరిగిన ఇల్లూ, ఆ వీధిలో సగమూ పడగొట్టి రోడ్డు వేసేశారు. ఇంటి ఫోటో ఒక్కటి కూడా మిగల్లేదు. పాత వంతెన రోజుల్లో ఊరు ఎలా ఉండేదో అలా గీయించి, పుట్టినరోజునాడు ఆవిడ చేతిలో పెట్టాలని ఆయన కోరిక. అప్పటిదాకా మేడం గారికి తెలియకూడదు.

ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. లంచం అనకండి. గురువారాలు నావి, చెయ్యి నాది, ఇంకు కూడా నజ్మాలో నేను కొనుక్కున్నదే. పని నచ్చితే ఆ గులకరాయి కదులుతుందేమో అన్న ఆశ మాత్రం ఉంది. దానికి మీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోండి.

మొదటి రోజే మొట్టికాయ పడింది. నదికి రెండు గట్లూ గీసి, మధ్యలో నీళ్ళు ఎటు పారతాయో చూపించే బాణం తూర్పు వైపుకి పెట్టాను. అడగనేలేదు. గోదావరి తూర్పుకే, కృష్ణా తూర్పుకే, ఇంక అడగడానికేముంది? దొరగారు పెన్సిలు తీశారు.

"ఇది ఎవరు చెప్పారు?"

"నదులు తూర్పుకే కదా సార్ పోతాయి."

"మాది పడమరకి పోతుంది," అని బాణం చుట్టూ సున్నా చుట్టి, నాకు బాగా తెలిసిన పాఠమే మళ్ళీ చెప్పారు. మా వృత్తిలో తెలియనిది గీయకూడదు. పంపు ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదనుకోండి, ఆ చోట మేఘంలా వంకీల గీత గీసి, లోపల 'హోల్డ్' అని రాసి వదిలేస్తాం. సంగతి తెలిసినవాడు వచ్చి చెప్పాకే మేఘం చెరపాలి. అందాకా ఎంత తెలివైనవాడైనా చేతులు కట్టుకుని కూర్చోవాలి. గోదావరి వాళ్ళకి అదెంత కష్టమో దొరగారికి తెలియదు.

అలా గురువారం గురువారం ఊరు కాగితం మీదికి వచ్చింది. ముందు వంతెన. రాతిది, ఏడు కమానులు. ఏడోది మిగతా వాటికన్నా పొట్టిది. రాయి చాలలేదని ఒక కథ, మేస్త్రీ తాగి ఉన్నాడని ఇంకో కథ. వంతెన దిగితే సంత. శనివారాలు కోళ్ళూ కుందేళ్ళూ మేకపాల జున్నూ అమ్ముతారు. మన జున్ను కాదది. దొరగారు సెలవుకి ఇంటికెళ్ళి తెచ్చుకున్న ముక్క డబ్బాలోంచి ఒకసారి తీసి రుచి చూడమన్నారు. ఆ వాసనకి నేను ప్రింటు మిషను గదిలోకి పారిపోయాను. అక్కడ అమ్మోనియా ఘాటు కొడుతుంది, అదే నయమనిపించింది.

సంత పక్కన చర్చి. గంట గోపురం కాస్త ఒరిగి ఉంటుందట. "ఎన్ని డిగ్రీలు సార్?" అంటే, "పెళ్ళిళ్ళప్పుడు తక్కువ, చావులప్పుడు ఎక్కువ," అన్నారు. నేను మూడు డిగ్రీలు వేశాను, ఎర్ర సున్నా పడలేదు. రొట్టెల కొట్లు రెండు, అందువల్ల ఊరు రెండు పార్టీలు. ఒక కొట్లో కొన్నవాళ్ళు రొట్టె చంకలో పెట్టుకుని రెండో కొట్టు ముందు నుంచి నడవరు, పక్క సందులోంచి చుట్టు తిరిగి పోతారు. ఆ సందు కూడా కొలత ప్రకారం గీశాను.

ఒక రొట్టెల కొట్టు గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తుకి వచ్చిందో గీతలు చెక్కి ఉంటాయని విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. ఎనభై ఆరు వరదకి మా వీధిలో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో మోకాలి మీద చెయ్యి పెట్టి చూపించాను. ఆయన వాళ్ళ నీళ్ళు నడుము దగ్గర చూపించారు. నేను ఛాతీ దాకా పెంచాను. ఆయన మెడ దాకా వెళ్ళారు. వరదల దగ్గర మాత్రం దొరగారు కూడా హోల్డ్ పెట్టరని ఆ రోజే తెలుసుకున్నాను.

నది ఒడ్డున పెంకులు కప్పిన పొడుగాటి సావిడి ఒకటి, దాని కింద నీళ్ళలోకి వాలిన బండలు. ఆడవాళ్ళు వాటి మీద మోకాళ్ళేసి కూర్చుని బట్టలు ఉతికేవారట. "చాకిరేవు!" అని తెలుగులోనే అరిచాను. ఊళ్ళో కబుర్లన్నీ పుట్టేది అక్కడేననీ, తన పెళ్ళి మాట తనకన్నా ముందు ఆ బండలకే తెలుసనీ దొరగారు చెప్పారు. రేవు పక్కన కొమ్మలు నరికేసిన బోడి చెట్ల వరస. వాటి కింద ముసలివాళ్ళు ఇనుప గుండ్లతో గోళీలాట ఆడేవారు. ఎవరి గుండు దగ్గరగా పడిందో తేలకపోతే ఒకాయన జేబులోంచి టేపు తీసి కొలిచేవాడట, ఆయన మాటకి ఎదురు లేదట. కొలిచేవాడికి అంత మర్యాద ఇచ్చే ఊరు నాకు నచ్చకుండా ఎలా ఉంటుంది?

ఒకరోజు ఆ డ్రాయింగ్‌కి ప్రింటు తీసి, క్యాంపులో మా గదికి తెచ్చి రూమ్మేటుకి చూపించాను. చాలాసేపు చూశాడు.

"అన్నా, గింత మంచి నది పెట్టుకొని గీ ఎండలకెందుకొచ్చిండు ముసలాయన?"

"ఫులూస్," అన్నాను. డబ్బుకి అక్కడి మాట అది.

"మరి మనం?"

"మనమూ అంతే కదయ్యా."

"గట్లయితే దొర, మనం ఒక్కటే క్యాంపు," అని దుప్పటి కప్పేసుకున్నాడు.

చివరికి మేడం గారి ఇంటి దగ్గర బండి ఆగిపోయింది. ఇల్లు నదికి ఉత్తరం గట్టున, వాకిలి నది వైపు. వీధి గది, వంటిల్లు, పైన రెండు గదులు ఎలాగో చెప్పగలిగారు. వెనక దొడ్డి మాత్రం ఆయన చూడలేదు. పెళ్ళికి ముందు మామగారు వంటింటి గుమ్మం దాటనివ్వలేదట, పెళ్ళయ్యాక వీళ్ళు ఉద్యోగాల మీద దేశాలు పట్టుకుపోయారు.

"దొడ్లో ఏదో చిన్న కట్టడం ఉండేది. ఏమిటో, ఏ మూలో తెలియదు. హోల్డ్ పెట్టండి."

"ఎవరిని అడగాలి సార్?"

"ఆవిడనే. అడగకూడదు కదా. అలాగే ఉంచేయండి."

ఉంచాను. ఉంచి, పుట్టినరోజుకి రెండు రోజుల ముందు ఆఖరిసారి ఇంకు దిద్దుతుంటే ఆ మేఘం కళ్ళలో పొడిచింది. అంత ముచ్చటైన ఊరు, అందులో ఆవిడ పుట్టిన ఇంటి దొడ్లోనే హోల్డా? పట్టుచీరకి గోనె అతుకేసినట్టు ఉంది. పైగా నా ఫారం రాయి కింద ఉంది. అప్పట్లో మా వైపు వాస్తు పిచ్చి బాగా ముదిరింది. ఉన్న గుమ్మాలు పీకించి ఇటువి అటు పెట్టించేవాళ్ళు. రాజమండ్రిలో ఇళ్ళ ప్లాన్లు గీసి గీసి ఆ పిచ్చి నా చేతికీ అంటుకుంది. ఇంటి వెనక చిన్న కట్టడమంటే బావి కాక మరేమిటి? బావి అంటే ఈశాన్యం కాక మరెక్కడ? మేఘం గీకేసి, దొడ్లో ఈశాన్య మూల చక్కటి బావి, గిలక, చేదతో సహా పెట్టేశాను. దొరగారికి చూపించలేదు. చుట్టి, రిబ్బను కట్టి చేతిలో పెట్టాను.

శుక్రవారం సాయంత్రం టీకి రమ్మన్నారు. మేడం గారు పొట్టిగా, తెల్లటి క్రాఫుతో, నవ్వు ముఖంతో ఉండే మనిషి. డ్రాయింగ్‌ని భోజనాల బల్ల మీద పరిచి నాలుగు మూలలా నాలుగు కప్పులు పెట్టారు. ఇక ఆవిడ వేలు ఊళ్ళోకి బయల్దేరింది. వంతెన కమానులు పైకే లెక్కపెట్టి ఏడోదాని దగ్గర నవ్వారు. ఒక రొట్టెల కొట్టు ముందు నుంచి పోకుండా వేలు పక్క సందులోంచి తిప్పారు, ఆవిడది రెండో పార్టీ అన్నమాట. చాకిరేవు దగ్గర ఆగారు, గోడ మీది వరద గీతలు తడిమారు. తర్వాత తమ వీధి, తమ గుమ్మం, వంటిల్లు, దొడ్డి. అక్కడ వేలు ఆగిపోయింది.

"ఈ బావి ఎక్కడిది?"

దొరగారు బావిని చూశారు, నన్ను చూశారు. నేను కప్పులోకి చూశాను.

"మాకు బావి లేదు," అన్నారు ఆవిడ. మళ్ళీ గిలక కేసి చూసి, "లేదనే అనుకుంటున్నాను," అన్నారు. అలా అంటూ భర్త ముఖంలోకి చూసిన చూపులో భయం ఉంది. ఇల్లు లేదు, ఫోటో లేదు, ఆ ఇంట్లో పెరిగినవాళ్ళలో మిగిలింది ఆవిడ ఒక్కరే. నా గిలకనీ చేదనీ చూసి ఆవిడ తన జ్ఞాపకాన్నే అనుమానించారు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"లేదు మేడం. మీకు గుర్తున్నదే నిజం. బావి నేను కల్పించాను," అన్నాను గబగబా.

"హోల్డ్ ఎవరు చెరపమన్నారు?" దొరగారి ముఖం ఆయన పెన్సిలు రంగుకి వచ్చింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల! వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని వాస్తు చెప్పుకొచ్చాను. ఈశాన్యం దేవుడి మూల అనీ, నీళ్ళు అక్కడే ఉండాలనీ, అలా ఉంటే ఇంటికి ఆయుష్షనీ. మేడం గారు శ్రద్ధగా విన్నారు.

"మరి ఆ మూల మురికి ఉంటే?"

"అయ్యో, సర్వనాశనం మేడం! ఇల్లు నిలవదు, వంశం నిలవదు."

ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళు తుడుచుకుంటూ, "సరిగ్గా అక్కడే మా మరుగుదొడ్డి," అన్నారు.

"రామ రామ!" అన్నాను, ఆపుకోలేక.

ఆ దొడ్డికే పోతూ వాళ్ళ నాయనమ్మ తొంభై మూడేళ్ళు గుండ్రాయిలా బతికిందట. వాస్తుకి అంత దెబ్బ తగలడం నేనెప్పుడూ చూడలేదు. ఇల్లు పడగొట్టారు కదా మరి, అని లోపల నా వాస్తు గొణిగింది గానీ దాన్ని పైకి అననివ్వలేదు. జేబులో బ్లేడూ పెన్నూ ఎప్పుడూ ఉంటాయి. బావిని పూడ్చేశాను. ఆవిడ చెబుతుంటే అక్కడే మరుగుదొడ్డి గీశాను, తలుపుకి గుండె ఆకారంలో కోసిన చిన్న కంతతో, పక్కన మేకుకి తాళంచెవితో, గోడ వెనక పియర్ పండ్ల చెట్టుతో. అయిపోయాక ఆవిడ ఆ తలుపు మీద వేలు పెట్టి చాలాసేపు ఉంచారు.

దొరగారు మాత్రం నవ్వలేదు. గేటు దాకా వచ్చి, "ఖాళీ వదిలి ఉంటే ఆవిడే నింపేది," అన్నారు. అంతే. నా ఫ్యామిలీ స్టేటస్ గోవిందా అనుకున్నాను.

"నువ్వు తవ్విన బాయిల నువ్వే పడ్డవన్నా," అన్నాడు రూమ్మేటు. కానీ ఆ రాత్రి కూర తనే వండి పెట్టాడు.

శనివారం ఆఫీసులో గులకరాయి అక్కడే ఉంది. దొరగారు తలెత్తకుండా, "మీ ఇల్లు చూడాలని మేడం అడుగుతున్నారు. శాస్త్ర ప్రకారం కట్టిన ఇల్లు ఎలా ఉంటుందోనట. గీసి పట్టుకురండి," అన్నారు.

ఎంతసేపు పని అనుకుని గురువారం బోర్డు ముందు కూర్చున్నాను. తీరా చూస్తే ఆ ఇల్లు నేను చూసిందే కాదు. నేను వచ్చేశాక మా ఆవిడ పాత అద్దె ఇల్లు ఖాళీ చేసి, తను పాఠాలు చెప్పే బడికి దగ్గరని రెండు గదుల పోర్షన్‌లోకి మారింది. నాకది ఉత్తరాల్లోనే తెలుసు. ఉత్తరాలన్నీ బోర్డు మీద పరిచి వెతికాను. వంటగదికి కిటికీ లేదు, పొగ. కుళాయి ఆగ్నేయం మూల, వీధి వైపు. మేడ మెట్ల కింద సైకిలు. వెనక తలుపు తీస్తే గోదావరి గట్టు, పాప అటు పరిగెడుతోందని గొళ్ళెం పైకి పెట్టించింది. అన్నీ దొరికాయి. పాప ఎక్కడ పడుకుంటుందో మాత్రం ఏ ఉత్తరంలోనూ లేదు. ముందు గదిలోనా, లోపలి గదిలోనా? ఉయ్యాల ఇంకా ఉందా, తీసేశారా?

చెయ్యి అలవాటు కొద్దీ నైరుతి గది వైపు పోయింది. పెన్ను మాత్రం కాగితానికి ఆనలేదు. ఫ్రాన్సులో ఎవరి మరుగుదొడ్డి తాళంచెవి ఎక్కడ వేలాడేదో నాకు తెలుసు, నా కూతురు ఎక్కడ పడుకుంటుందో తెలియదు. బోర్డు మీద తలపెట్టి ఏడ్చాను, ఆఫీసులో ఎవరూ లేరు గనక కాస్త గట్టిగానే. తర్వాత ముక్కు తుడుచుకుని, రెండు గదులకీ మధ్యలో మేఘం గీసి, లోపల హోల్డ్ అని రాశాను.

దొరగారు కంపెనీ డ్రాయింగ్ చూసినట్టే దాన్నీ పెన్సిలు పట్టుకుని చూశారు.

"కుళాయి ఈ మూల ఉందేం? మీ శాస్త్రం ప్రకారం తప్పు కదా?"

"తప్పే సార్. కానీ అక్కడే ఉంది."

ఊఁ అన్నారు. పెన్సిలు మేఘం దగ్గరికి వచ్చింది. "ఇదేమిటి?"

"మా పాప పడుకునే చోటు. నాకు తెలియదు సార్."

"ఈ హోల్డ్ ఎవరు తీయాలి?"

"మా ఆవిడ సార్. ఆవిడకే తెలుసు."

 ఆయన ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని, గులకరాయి పక్కకి జరిపి, నల్ల పెన్ను కోసం జేబులు తడుముకున్నారు. నా పెన్ను ఇచ్చాను.

వీసాలు వచ్చి వాళ్ళు దిగేసరికి ఇంకో మూడు నెలలు పట్టింది. క్వార్టరు గోడకి ఆ డ్రాయింగ్ తగిలించి ఉంచాను. మా ఆవిడ పెట్టెలు కూడా విప్పకుండా దాని ముందు నిలబడి, వంటగది తలుపు తప్పు వైపుకి తెరిచారని ముందు దెబ్బలాడింది. ఆ తర్వాత మేఘాన్ని చూసింది.

"ఇదేంటండీ, ఇంట్లో ఈ మబ్బు?"

"పాప పడుకునే చోటు. నువ్వెప్పుడూ రాయలేదు."

"రాయడానికేముంది?" అంది. "నా పక్కనే. మీరు పడుకునే వైపు."

జేబులోంచి బ్లేడు తీసి, కాగితం చిరగకుండా నెమ్మదిగా హోల్డ్ గీకేశాను. పాప తల్లి చీర కుచ్చిళ్ళ వెనక నుంచి నన్ను ఎగాదిగా చూస్తోంది. ఆ వైపు నాకు ఖాళీ చేసి ఇవ్వడానికి ఆ బుల్లి ఆవిడగారు నెల పైనే తీసుకున్నారు.